దృష్టి చెదిరేది ఫోన్ మోగినప్పుడేనా?

పని చేద్దామని కూర్చుంటారు, పావుగంట తిరక్కుండానే చేయి ఫోన్ మీదకు పోతుంది. ఒక్క మెసేజ్ చూసి పెట్టేద్దామనుకుంటే అరగంట ఎటు పోయిందో తెలియదు, తిరిగి పని దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ ఆపారో గుర్తుండదు, సాయంత్రానికి మాత్రం ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, ఇదీ చేశానని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. దీనికి చాలామంది చెప్పుకునే కారణాలు రెండే. ఒకటి ఫోన్, రెండోది తమకు మనోబలం లేకపోవడం. మొదటిది నమ్మినవాళ్లు యాప్‌లన్నీ తీసేసి నాలుగు రోజులకు మళ్లీ వేసుకుంటారు. రెండోది నమ్మినవాళ్లు రేపటి నుంచి గట్టిగా ఉండాలని ఒట్టు పెట్టుకుని, ఆ రేపు కూడా ఇలాగే గడిచిపోతే తమను తామే తిట్టుకుంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఎవరూ పెద్దగా పట్టించుకోని మూడో విషయం ఒకటి ఉంది: చేయి ఫోన్ మీదకు పోయిన ఆ క్షణంలో చేతిలో ఉన్న పని ఏ స్థితిలో ఉంది? తర్వాత ఏం చేయాలో తెలుసా? అసలు ఆ పని దేనికోసమో గుర్తుందా? చాలాసార్లు చిక్కు మొదలయ్యేది అక్కడే, అందుకే మందు కూడా అక్కడే వేయాలి.

అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ క్యాంపస్‌లో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు కంప్యూటర్ల ముందు పనిచేసే ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. 2004 ప్రాంతంలో స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టినప్పుడు మనిషి ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు ఉండేవాడు. తర్వాత కంప్యూటరే లెక్కపెట్టే పద్ధతి వచ్చింది, ఈ మధ్య సంవత్సరాల్లో ఆ సగటు 47 సెకన్లకు దిగింది. ఈ అంకె అందరి నోటా వినిపిస్తూనే ఉంటుంది. అంతకన్నా పనికొచ్చే సంగతి మరొకటి ఆ పరిశోధనల్లోనే ఉంది, అదేమిటంటే అంతరాయాల్లో దాదాపు సగం బయటి నుంచి వచ్చినవి కావు. ఎవరూ పిలవలేదు, ఏదీ మోగలేదు, మనిషే తన పని తాను ఆపుకుని ఇంకోదానికి వెళ్లిపోయాడు. అంటే ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టడంతో తీరేది సగం సమస్య మాత్రమే.

ఇక్కడే ఒక అపోహ కూడా తీసేయాలి. మనుషుల ఏకాగ్రత ఎనిమిది సెకన్లకు పడిపోయిందని, గోల్డ్‌ఫిష్ కూడా మనకన్నా మేలని ఒక మాట చాలా ఏళ్లుగా తిరుగుతోంది. దాని వెనక పరిశోధన ఏదీ లేదు. 47 సెకన్లు అన్నది కూడా మనిషి ఎంతసేపు నిలవగలడో చెప్పే కొలత కాదు, ఎంతసేపటికి ఇంకోచోటికి వెళ్తున్నాడో చెప్పే కొలత. పాఠం ముందు పది నిమిషాలు కూర్చోలేని కుర్రాడే నచ్చిన ఆట ముందు మూడు గంటలు కన్నార్పకుండా కూర్చుంటాడు. ఆ శక్తి ఎక్కడికీ పోలేదు. ఏం చేయాలో, ఎందుకు చేయాలో, చేస్తే ఏమవుతుందో ఆటలో ప్రతి క్షణం కళ్ల ముందే ఉంటుంది. పాఠంలో ఈ మూడూ మసగ్గా ఉంటాయి. తేడా అంతా అక్కడుంది.

పని మారినప్పుడు లోపల జరిగేది

ఒక పని మధ్యలో ఆపి ఇంకోదానికి వెళ్తే శరీరం వెళ్లినంత తేలిగ్గా మనసు వెళ్లదు. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీద ప్రయోగాలు చేసి చూపించారు. మొదటి పని పూర్తి కాకుండా వదిలేసినవాళ్ల దృష్టిలో కొంత భాగం ఆ పని దగ్గరే చిక్కుకుని ఉండిపోతుంది, ఆ మేరకు రెండో పని నాసిగా వస్తుంది. రిపోర్టు రాస్తూ రాస్తూ మధ్యలో ఒక మెయిల్ తెరిచారనుకోండి, అందులో ఒక సమస్య కనిపించింది, జవాబు తర్వాత ఇద్దామని మూసేశారు. మెయిల్ చూసింది అర నిమిషమే. కానీ ఆ సమస్య రిపోర్టులోకి మీతో పాటే వచ్చి కూర్చుంటుంది, తర్వాతి పేరా రాస్తున్నంతసేపూ వెనక నుంచి గుచ్చుతూనే ఉంటుంది. "ఒక్క నిమిషం చూసి వచ్చేస్తా" అనే లెక్క తప్పేది ఇందుకే. చూసిన నిమిషం మాత్రమే లెక్కలోకి వస్తుంది, తిరిగి కుదురుకోవడానికి పట్టే సమయం రాదు.

మనసులో ఒకేసారి పట్టి ఉంచుకోగలిగే విషయాలు చాలా తక్కువ కావడం దీనికి మరో కారణం. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ సంఖ్య ఏడు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అదే విషయాన్ని మళ్లీ తిరగేసి, గుంపులుగా కలిపి గుర్తుపెట్టుకునే చిట్కాలు తీసేస్తే నిజంగా మిగిలేది నాలుగు దగ్గర అని తేల్చాడు. నాలుగే! కష్టమైన లెక్క చేస్తున్న విద్యార్థి ఇచ్చిన విలువలు, వాడాల్సిన సూత్రం, ఇప్పటిదాకా వచ్చిన ఫలితం, తర్వాతి మెట్టు అన్నీ ఆ కాస్త చోటులోనే సర్దుకుని ఉంటాడు. అందులోకి "ఎక్కడున్నావ్?" అని ఒక మెసేజ్ వచ్చిందంటే వీటిలో ఒకటి బయటకు పోవాల్సిందే. పోయింది ఏదో కూడా వెంటనే తెలియదు, రెండు లైన్ల తర్వాత జవాబు తప్పు వచ్చినప్పుడు తెలుస్తుంది.

విచిత్రమేమిటంటే అంతరాయాలు ఎక్కువైతే పని నెమ్మదిస్తుందని అనుకుంటాం గానీ, 2008లో గ్లోరియా మార్క్ బృందం చేసిన ప్రయోగంలో మధ్యమధ్యలో అడ్డుతగిలించిన వాళ్లే పనిని కాస్త త్వరగా ముగించారు. పోయిన సమయాన్ని పూడ్చుకోవడానికి వేగం పెంచారు, తక్కువ మాటల్లో రాసేశారు. దానికి చెల్లించిన మూల్యం వేరు: ఒత్తిడి, చిరాకు, టైమ్ సరిపోవడం లేదన్న టెన్షన్, ఎక్కువ శ్రమ పడుతున్నామన్న భావం, ఇవన్నీ పెరిగాయి. రోజంతా పది పనుల మధ్య తిరుగుతూ కూడా "నేను మేనేజ్ చేసేస్తున్నా" అనుకునే మనిషి అబద్ధం చెప్పడం లేదు, పనులు నిజంగానే అవుతుంటాయి. సాయంత్రానికి ఆ మనిషిలో మిగిలేది ఎంత అన్నదే ప్రశ్న, ఇంటికి వెళ్లాక పిల్లలతో మాట్లాడే ఓపిక కూడా లేకుండా పోవడానికి కారణం పని బరువు ఒక్కటే అనుకోవడం పొరపాటు.

నోటిఫికేషన్ల సంగతికొస్తే, వాటిని తెరిచి చూస్తేనే నష్టం అనుకోకూడదు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో ఫోన్ ముట్టుకోకుండా కేవలం మోత విన్నవాళ్లు కూడా ఏకాగ్రత అవసరమైన పనిలో ఎక్కువ తప్పులు చేశారు. ఆ మోత ఎవరిదై ఉంటుంది, ఏమై ఉంటుంది అనే ఆలోచన చాలు. ఫోన్ బల్ల మీద ఊరికే ఉన్నా బుర్ర పనితీరు తగ్గుతుందని 2017లో టెక్సాస్ యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధన వచ్చి చాలా పేరు తెచ్చుకుంది. తర్వాత దాన్ని మళ్లీ చేసి చూసిన వాళ్లలో కొందరికి ఆ ఫలితం రాలేదు, అందుకని దాన్ని వేదవాక్యంగా తీసుకోనక్కర్లేదు. అయినా ఫోన్‌ను పక్క గదిలో పెట్టడానికి ఖర్చేమీ లేదు, పెట్టి చూసినవాళ్లకు తేడా తమకే తెలుస్తుంది.

అలాగని అన్నీ పూర్తిగా ఆపేయడం కూడా మంచి ఉపాయం కాదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో నోటిఫికేషన్లన్నిటినీ రోజుకు మూడుసార్లు ఒక గుత్తిగా అందుకున్నవాళ్లకు మనసు కుదుటపడింది, పని మీద పట్టు పెరిగింది. పూర్తిగా ఆపేసిన వాళ్లకు మాత్రం ఆ లాభాలు పెద్దగా రాలేదు, పైగా ఏదో ముఖ్యమైనది పోగొట్టుకుంటున్నామన్న ఆందోళన పెరిగింది. మెయిల్ విషయంలోనూ 2015లో ఇలాంటి ఫలితమే వచ్చింది, రోజుకు మూడుసార్లే చూసిన వారంలో జనానికి ఒత్తిడి తగ్గింది. ఎప్పుడు చూడాలో ముందే తెలిసి ఉంటే మధ్యలో చూడకపోవడం తేలికవుతుంది. మనసుకు కావలసిందల్లా ఆ భరోసా.

చేయి తనంతట తానే ఎందుకు పోతుంది

బయటి అంతరాయాల కథ అది. మిగిలిన సగం ఇంకా లోతైనది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

పని ఆపి లేచిపోయిన క్షణాలను జాగ్రత్తగా గమనిస్తే ఒక పోలిక కనిపిస్తుంది. వాక్యం కుదరనప్పుడు, లెక్క తేలనప్పుడు, ఎవరికో ఇబ్బందికరమైన మాట చెప్పాల్సిన ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు, ఫైల్ తెరిచాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు చేయి పక్కకు పోతుంది. తేలిగ్గా సాగిపోతున్న పని మధ్యలో ఇది అరుదు. అంటే మనిషి వెతుక్కుంటున్నది వినోదం కానే కాదు, ఆ క్షణంలోని ఇబ్బంది నుంచి తప్పించుకునే దారి. ఫోన్ ఆ దారిని చేతికి అందేంత దగ్గరలో పెట్టింది, అంతే.

ఊరికే కూర్చోవడం మనిషికి ఎంత కష్టమో 2014లో వర్జీనియా యూనివర్సిటీకి చెందిన టిమోతీ విల్సన్ బృందం చూపించిన తీరు ఆశ్చర్యపరుస్తుంది. ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా, ఏ వస్తువూ లేకుండా కూర్చోమన్నారు. కావాలంటే తమకు తాము చిన్న కరెంటు షాక్ ఇచ్చుకునే బటన్ ఒకటి పెట్టారు. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులు ఇవ్వడానికైనా సిద్ధమేనని అంతకుముందు చెప్పినవాళ్లలోనే 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ బటన్ నొక్కారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2010లో, కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని రోజులో వేర్వేరు వేళల్లో పలకరించి ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగితే, 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు వాళ్లు అంత సంతోషంగా కూడా లేరు. కాబట్టి మనసు తిరగడం స్మార్ట్‌ఫోన్ తెచ్చిపెట్టిన జబ్బు కాదు, అది ముందు నుంచీ ఉన్నదే. ఫోన్ చేసింది దానికి గమ్యం చూపించడం.

ఆ గమ్యాన్ని తయారుచేసిన వాళ్లకు ఇదంతా బాగా తెలుసు. ఎప్పుడు ప్రతిఫలం వస్తుందో తెలియకపోతే ప్రాణి ఆ పనిని మరింత పట్టుదలగా చేస్తూ పోతుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలతో ఎప్పుడో తేల్చాడు. సోషల్ మీడియా ఫీడ్ లాగిన ప్రతిసారీ మంచిది దొరకదు, ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది, అందుకే లాగుతూనే ఉంటాం. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిన అంతులేని స్క్రోల్ మరో అడుగు ముందుకేసింది. పేజీ అయిపోయిన చోట మనిషి ఆగి "ఇక చాలు" అనుకునే అవకాశం ఉండేది, అది కాస్తా పోయింది. తర్వాతి కాలంలో ఆయనే ఈ ఆవిష్కరణ గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. ఆగే చోటు లేని వస్తువు దగ్గర ఆగలేకపోవడం వ్యక్తి బలహీనత అని ముద్ర వేయడం అన్యాయం.

అయితే అటువైపు అంత బలంగా లాగుతున్నప్పుడు ఇటువైపు పట్టి ఉంచేది ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ ఏదో ఒకటే ఉద్దేశం. ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే ఈ మాట అన్నాడు, సమాచారం పుష్కలమైతే శ్రద్ధకు కరువొస్తుందని. కరువు వచ్చినప్పుడు దేనికి ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి, లేకపోతే ముందు చేయి చాచిన వాడికే దక్కుతుంది. ఈరోజు ఏది ముఖ్యమో తేల్చుకోని మనిషికి వచ్చే ప్రతి మెసేజూ, ప్రతి వార్తా ఒకే బరువుతో కనిపిస్తుంది. దేని నుంచి పక్కకు వెళ్తున్నామో తెలియకపోతే పక్కకు వెళ్లామన్న సంగతే తెలియదు.

ముఖ్యమైనదాన్ని తొందరపెట్టేది ఎలా తొక్కేస్తుందో 2018లో వచ్చిన ఒక పరిశోధన చాలా స్పష్టంగా చూపించింది. రెండు పనుల్లో ఒకదానికి ప్రతిఫలం ఎక్కువ, గడువు బోలెడు ఉంది. ఇంకోదానికి ప్రతిఫలం తక్కువ, గడువు దగ్గరపడింది. రెండూ ఒకే రకం శ్రమ. అయినా చాలామంది గడువు దగ్గరపడిన చిన్నదాన్నే ఎంచుకున్నారు. ఆ గడువు ఉత్తిదే, పని చేయడానికి ఎలాగూ సరిపోయేంత సమయం ఉంది, అయినా సరే. జీవితంలో నిజంగా బరువైన పనులకు సాధారణంగా గడువు ఉండదు. ఆరోగ్యం చూసుకోవడానికి, కొత్త విద్య నేర్చుకోవడానికి, తల్లిదండ్రులతో తీరుబడిగా కూర్చోవడానికి ఎవరూ రిమైండర్ పంపరు. అందుకే అవి ఏళ్లకేళ్లు వెనక్కి జరుగుతూ పోతాయి, మనిషి మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీగా ఉన్నట్టు అనిపించదు. ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. గంటలు పోవడం కాదు, ఆ గంటలు ఎవరికి చెందాలో వాళ్లకు చెందకుండా పోవడం.

ఉద్దేశం కాగితం మీద ఎలా ఉండాలి

ఉద్దేశం అనగానే జీవిత లక్ష్యం, పెద్ద పెద్ద మాటలు గుర్తొస్తాయి. "నేను నా రంగంలో గొప్ప స్థాయికి రావాలి" అని గోడ మీద రాసుకుంటే మధ్యాహ్నం మూడు గంటలకు చేయి ఫోన్ మీదకు పోకుండా అది ఆపలేదు, ఎందుకంటే ఆ వాక్యం మూడు గంటలకు ఏం చేయాలో చెప్పదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల సారం కూడా ఇదే: "వీలైనంత బాగా చేయండి" అని చెప్పినప్పటి కన్నా ఇంత, ఇప్పటిలోగా అని కచ్చితంగా, కాస్త కష్టంగా ఉండే లక్ష్యం ఇచ్చినప్పుడు మనుషులు మెరుగ్గా పనిచేస్తారు. దీనికి ఒక మినహాయింపు ఉంది. పని కొత్తదై, ఎలా చేయాలో ఇంకా తెలియనిదైతే ఫలితం మీద అంకెలు పెట్టుకోవడం బెదరగొడుతుంది, అప్పుడు "ఈ వారం ఈ మూడు పద్ధతులు ప్రయత్నించి చూడాలి" అన్నట్టు నేర్చుకునే లక్ష్యం పెట్టుకోవడం మేలు.

పెద్ద ఉద్దేశం నుంచి ఈ గంటలో చేసే పని దాకా ఒక దారం ఉండాలి. "పరీక్ష పాసవ్వాలి" అన్నది ఒక కోరిక. "ఈ ఉదయం మూడో అధ్యాయం చివరి పది ప్రశ్నలు పుస్తకం చూడకుండా చేయాలి" అన్నది పని. రెండోదాన్ని రాసుకుని కూర్చున్నవాడికి మొదటి నిమిషంలో తడబాటు ఉండదు, ఆ తడబాటు లేకపోతే తప్పించుకునే దారి వెతకాల్సిన అవసరమూ సగం తగ్గుతుంది. "ప్రాజెక్టు చూడాలి", "ఇల్లు సర్దాలి" లాంటివి జాబితాలో రోజుల తరబడి కదలకుండా ఉండిపోయేది బద్ధకం వల్ల కాదు, వాటిలో మొదట చేయాల్సిన కదలిక ఏదో రాసి లేకపోవడం వల్ల.

మనసులో మెదిలే మిగతా పనుల సంగతి వేరే. పూర్తికాని పనులు పూర్తయిన వాటికన్నా ఎక్కువ గుర్తుంటాయని 1927లో బ్లూమా జైగార్నిక్ రాసింది. పని మధ్యలో హఠాత్తుగా బిల్లు కట్టలేదని గుర్తురావడం, లేచి ఆ పనికి వెళ్లడం అందరికీ అనుభవమే. 2011లో మసికాంపో, బౌమీస్టర్ చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, ఆ గుర్తొచ్చిన పనిని పూర్తి చేయనక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో ఒక ప్రణాళిక రాసుకుంటే చాలు, మనసు దాన్ని వదిలేస్తుంది. కాబట్టి పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, గుర్తొచ్చిన ప్రతిదాన్నీ "సాయంత్రం ఆరు గంటలకు, బిల్లు" అని రాసేసి పనిలోకి తిరిగి వచ్చేయడం చిట్కాలా కనిపించినా దాని వెనక గట్టి ఆధారం ఉంది. రాసుకోవడానికి ఫోన్ వాడకపోవడం మంచిది, కారణం చెప్పనక్కర్లేదు.

తప్పనిసరి అంతరాయాలు కూడా ఉంటాయి. పై అధికారి పిలుస్తాడు, పసిపాప ఏడుస్తుంది, మంచాన ఉన్న మనిషికి మంచినీళ్లు కావాలి. వీటిని శత్రువులుగా చూసే సలహాలు చాలా ఉన్నాయి, అవి తప్పు. ఇంట్లో ఒకరిని చూసుకోవడమే ఆ కాలంలో ఆ మనిషి ఉద్దేశమైతే, ఆ పిలుపు అసలు పనే, మధ్యలో తెరిచిన స్ప్రెడ్‌షీట్ దానికి అడ్డు. ఇలాంటి పరిస్థితుల్లో ఉన్నవాళ్లకు అంతరాయం లేని మూడు గంటలు సంపాదించమని చెప్పడంలో అర్థం లేదు, లేచి వెళ్లే ముందు పదిహేను సెకన్లు ఆగి ఎక్కడ ఆపారో, తిరిగి వచ్చాక మొదట ఏం చేయాలో ఒక్క లైన్ రాసుకోమని చెప్పాలి. లెరాయ్, థెరిసా గ్లోంబ్ కలిసి 2018లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఇదే పరీక్షించింది. ఆ ఒక్క లైన్ రాసుకున్నవాళ్ల దృష్టి మధ్యలో వచ్చిన పని మీద బాగా నిలిచింది. రోజుకు పదిసార్లు పిలుపొచ్చే ఇంట్లో ఇది ఎంత పనికొస్తుందో ఊహించుకోవచ్చు.

ఎంతసేపు పని, ఎంతసేపు విరామం అన్నదాని మీద జనం అవసరానికి మించి వాదించుకుంటారు. 25 నిమిషాల పద్ధతిని 1980ల చివర్లో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి తనకోసం తయారుచేసుకున్నాడు, అది ప్రకృతి నియమం కాదు. మొదలుపెట్టడానికే మొరాయించే పనికి అది బాగా పనిచేస్తుంది. బుర్ర వేడెక్కడానికే ఇరవై నిమిషాలు పట్టే పనికి అది తానే ఒక అంతరాయం అవుతుంది. విరామంలో ఏం చేస్తారన్నది నిడివి కన్నా ముఖ్యం. కిటికీ దగ్గర నిలబడి రావడం, నాలుగడుగులు వేయడం విశ్రాంతి. ఫీడ్ తెరవడం మాత్రం మరో పని మొదలుపెట్టి మధ్యలో వదిలేయడం, అది కూడా అంతులేని పని.

మనోబలం మీద ఎంత ఆధారపడొచ్చు

చాలా తక్కువ. మనోబలం వాడేకొద్దీ తరిగిపోతుందనే సిద్ధాంతం 1998 నుంచి బాగా ప్రచారంలో ఉండేది, కానీ 2016లో 23 ప్రయోగశాలలు, రెండు వేలకు పైగా మనుషులతో దాన్ని మళ్లీ పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. అంతకన్నా ఆసక్తికరమైనది విల్‌హెల్మ్ హోఫ్‌మన్ బృందం 2012లో రాసింది. తమ మీద తమకు బాగా అదుపు ఉన్నవాళ్లు రోజంతా కోరికలతో కుస్తీ పడి గెలుస్తుంటారని అనుకుంటాం, లెక్క చూస్తే వాళ్లకు అలాంటి కుస్తీలే తక్కువ. తమను లాగే వస్తువులకు దూరంగా ఉండేలా జీవితాన్ని ముందే అమర్చుకుంటారు. ఇప్పుడే తింటే ఒకటి, ఆగితే రెండు అని పిల్లలకు చెప్పి చూసిన వాల్టర్ మిషెల్ ప్రసిద్ధ మిఠాయి ప్రయోగంలో కూడా ఎక్కువసేపు ఆగగలిగిన పిల్లలు మిఠాయిని చూస్తూ పళ్లు బిగించినవాళ్లు కారు, కళ్లు మూసుకున్నవాళ్లు, అటు తిరిగి పాటలు పాడుకున్నవాళ్లు.

దీన్నుంచి వచ్చే పద్ధతి సూటిగానే ఉంది. ప్రలోభం ఎదురైనప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయాన్ని అది ఎదురవకముందే తీసేసుకోవాలి. పని గదిలో ఫోన్ ఉండదు. బ్రౌజర్‌లో పనికి సంబంధించిన ట్యాబ్‌లు తప్ప ఇంకేవీ తెరిచి ఉండవు. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాల్సి వచ్చేలా సోషల్ మీడియా నుంచి లాగౌట్ అయి ఉంటారు, ఆ పది సెకన్ల అడ్డు చాలాసార్లు సరిపోతుంది. పీటర్ గోల్‌విట్జర్ చెప్పిన "ఇలా జరిగితే ఇలా చేస్తాను" పద్ధతి కూడా ఈ కోవలోదే: "వాక్యం కుదరక చిరాకొస్తే లేవను, అదే వాక్యాన్ని ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు తప్పులతోనే రాసేస్తాను" అని ముందే రాసి పెట్టుకోవడం. ఇందాక చెప్పుకున్న ఆ ఇబ్బంది క్షణానికి ఇంతకన్నా దగ్గరి మందు లేదు. ఎందుకంటే ఆ క్షణంలో ఆలోచించి మంచి నిర్ణయం తీసుకునే స్థితిలో ఎవరూ ఉండరు.

నిద్ర లేకపోతే పైన చెప్పుకున్నవేవీ సరిగా పనిచేయవు. 2003లో వాన్ డోంగెన్ బృందం చేసిన ప్రయోగంలో వరుసగా 14 రోజులు రాత్రికి ఆరు గంటలే నిద్రపోయిన వాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేకుండా గడిపిన వాళ్ల స్థాయికి దిగజారింది. ఇంకా భయపెట్టే సంగతి ఏమిటంటే, తాము అంతగా దిగజారినట్టు వాళ్లకు తెలియలేదు, కాస్త నిద్రమత్తుగా ఉందంతే అనుకున్నారు. రాత్రి ఒంటిగంట దాకా స్క్రోల్ చేసి పొద్దున ఏకాగ్రత చిట్కాలు వెతుక్కోవడం వృథా ప్రయాస. అలాగే చిన్నప్పటి నుంచీ ఏ పని మీదా దృష్టి నిలవక చదువు, ఉద్యోగం, ఇల్లు అన్నీ చిందరవందర అవుతున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు కావలసింది ఇలాంటి వ్యాసాలు కాదు, డాక్టర్ దగ్గర సరైన పరీక్ష. అది ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం ముఖ్య లక్షణంగా ఉండే సమస్య) అని తేలితే చికిత్స ఉంది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మెరుగవుతున్నామా లేదా అన్నది ఎలా కొలవాలన్నది మిగిలింది. ఫోన్ చూపించే స్క్రీన్ టైమ్ మంచి కొలత కాదు, అది తగ్గినా ఆ మిగిలిన గంటలు టీవీకి పోవచ్చు. కూర్చున్న గంటలూ మంచి కొలత కాదు. వారం చివర, ఈ వారం పూర్తవ్వాలని సోమవారం రాసుకున్న వాటిలో ఏవి పూర్తయ్యాయి, వాటిలో పెద్ద ఉద్దేశంతో దారం కలిసేవి ఎన్ని అని చూసుకుంటే అసలు బొమ్మ కనిపిస్తుంది. కాకపోతే మొదటి వారాల్లో ఆ బొమ్మ నిరుత్సాహంగానే ఉండొచ్చు. ఫోన్ లేని ఖాళీ నిమిషాలు విసుగ్గా ఉంటాయి, చేయి అలవాటు కొద్దీ జేబు తడుముతుంది, పని కూడా ముందుకన్నా కష్టంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఇన్నాళ్లూ తప్పించుకుంటూ వచ్చిన కష్టమైన భాగాన్ని ఇప్పుడు నేరుగా ఎదుర్కొంటున్నారు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న మాటకు ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త పని ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, మరికొందరికి 254 రోజులు పట్టేలా ఉందని లెక్క వచ్చింది. కాబట్టి మూడు వారాలు గడిచినా ఇంకా కష్టంగానే ఉందంటే అది విఫలమైనట్టు కాదు. మధ్యలో ఒక రోజు తప్పినవాళ్లను కూడా ఆ అధ్యయనం విడిగా చూసింది, ఆ ఒక్క రోజు వల్ల అలవాటు బలపడే క్రమం మీద చెప్పుకోదగ్గ ప్రభావం ఏదీ కనిపించలేదు.